ఫుల్ ఫ్రేమా, క్రాపా?

ఏలూరులో మా స్టూడియోకి వచ్చే కుర్ర ఫొటోగ్రాఫర్లలో ఎక్కువ మంది చేతిలో ఉండేది క్రాప్ సెన్సర్ కెమెరాయే. నికాన్ డి5600, కెనాన్ 200డి, సోనీ ఎ6400, ఈ వరసలోవి. రెండు మూడేళ్లకు చేయి తిరిగి సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలుపెట్టాక, ఇక ఫుల్ ఫ్రేమ్ కొనాలన్న ఆలోచన పట్టుకుంటుంది. దానికి తోడు ఇప్పుడు పెళ్లివారే బేరం దగ్గర అడుగుతున్నారు, "మీది ఫుల్ ఫ్రేమేనా అండీ?" అని. అవునంటే ఒక రేటు, కాదంటే ఒక రేటు. అప్పు చేసైనా కొనేద్దామని కుర్రాడికి అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

నేను రెండూ వాడతాను. పెళ్లికి వెళ్తే నా మెడలో ఫుల్ ఫ్రేమ్ ఉంటుంది. శీతాకాలంలో తెల్లారకముందే బయల్దేరి కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లేటప్పుడు సంచిలో క్రాప్ కెమెరా ఉంటుంది. రెండింటిలో ఏది గొప్పదంటే నేను చెప్పలేను. మీరు ఏం తీస్తారు, ఎలాంటి వెలుతురులో తీస్తారు, మీ దగ్గర ఏ లెన్సులున్నాయి, ఈ మూడూ చెబితే మాత్రం ఏది కొనాలో చాలావరకు చెప్పగలను. లక్షల రూపాయల వ్యవహారం కాబట్టి ఆ లెక్క ఓపిగ్గా చూద్దాం.

సెన్సర్ అంటే లెన్స్ వెనకాల బొమ్మ పడే చిప్పు. ఫుల్ ఫ్రేమ్‌లో దాని కొలత 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ కెమెరాల్లో సుమారు 23.5, 15.6. కెనాన్ వాళ్ల క్రాప్ ఇంకాస్త చిన్నది, 22.3, 14.9. వైశాల్యం కట్టి చూస్తే ఫుల్ ఫ్రేమ్ రెండుంపావు రెట్లకు పైనే ఉంటుంది, కెనాన్‌తో పోలిస్తే రెండున్నర రెట్లు దాటుతుంది. లెన్స్ వేసే బొమ్మ ఒకటే. చిన్న సెన్సర్ అందులో మధ్య భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అందుకే 50 ఎంఎం లెన్స్ క్రాప్ కెమెరాకి తగిలిస్తే ఫుల్ ఫ్రేమ్ మీద 75 ఎంఎం చూపించినంత మేర చూపిస్తుంది, కెనాన్ అయితే 80. లెన్స్ మారలేదు, దాని చూపు వెడల్పే తగ్గింది.

ఈ 36, 24 కొలత ఏదో శాస్త్రం తేల్చిన ఉత్తమ కొలత అనుకునేవారున్నారు. అది వచ్చింది సినిమా రీలు నుంచి. 35 ఎంఎం రీలు సినిమా కెమెరాలో పైనుంచి కిందికి నడుస్తుంది. మూకీల రోజుల్లో ఒక్కో ఫ్రేము సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ 1913 ప్రాంతంలో అదే రీలును పక్కకు నడిపే చిన్న కెమెరా తయారు చేసి, రెండు సినిమా ఫ్రేముల చోటును ఒక్క ఫొటోకి ఇచ్చాడు. 1925లో అది లైకా పేరుతో బజారుకొచ్చింది. మన స్టూడియోల్లో పెళ్లి నెగటివులు తర్వాత చాలావరకు ఆ కొలతలోనే నడిచాయి.

సినిమా వాళ్లు మాత్రం రెండింతల ఫ్రేముకు పోలేదు. టాకీలొచ్చాక సౌండ్ ట్రాక్‌కి చోటివ్వడం కోసం వాళ్ల ఫ్రేము ఇంకా తగ్గి, సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల ఎత్తుకు చేరింది. 1957 నాటి ‘మాయాబజార్’కి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పట్టిన వెన్నెలంతా ఆ కాస్త చోటులో పట్టిందే. అంటే ఇవాళ్టి కెనాన్ క్రాప్ సెన్సర్‌కి దాదాపు సమానం. ఆ వెన్నెల వెనక ఉన్నది లైట్లు ఎక్కడ పెట్టాలో తెలిసిన ఒక మనిషి. క్రాప్ కెమెరాతో పెళ్లి తీస్తున్నానని చిన్నబోయే కుర్రాళ్లకు నేను ఈ మాట తప్పకుండా చెబుతాను.

డిజిటల్ మొదట్లో చిన్న సెన్సర్లు రావడానికి కారణం ఖర్చు. సెన్సర్లను సిలికాన్ వేఫర్ అనే గుండ్రటి పలక మీద తయారుచేసి ముక్కలుగా కోస్తారు. ముక్క పెద్దదైతే పలకకి తక్కువ వస్తాయి, ఒక్క లోపం పడినా అంత పెద్ద ముక్కా పారేయాలి. 1999లో వచ్చిన నికాన్ డి1 క్రాపే. 2002లో కెనాన్ 1డిఎస్ ఫుల్ ఫ్రేమ్‌తో వచ్చింది గానీ అది మనలాంటి వాళ్లకు అందేది కాదు. 2005లో కెనాన్ 5డి వచ్చాకే మామూలు స్టూడియోలు ఫుల్ ఫ్రేమ్ గురించి ఆలోచించగలిగాయి. నికాన్ 2007లో డి3తో, సోనీ 2008లో ఎ900తో ఆ వరసలోకి వచ్చాయి. 2013లో సోనీ ఎ7తో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కూడా తెచ్చింది. ఫ్యూజీ ఇప్పటికీ ఫుల్ ఫ్రేమ్ చేయదు. క్రాప్ చేస్తుంది, లేదంటే ఏకంగా ఫుల్ ఫ్రేమ్‌ని మించిన మీడియం ఫార్మాట్ చేస్తుంది. అంత పెద్ద కంపెనీ క్రాప్ మీద అంత నమ్మకం పెట్టుకుందంటే అది నేర్చుకునేవాళ్ల కెమెరా మాత్రమే కాదని తెలుస్తూనే ఉంది.

ఇక ఫుల్ ఫ్రేమ్ నిజంగా ఇచ్చేదేమిటి? మొట్టమొదటిది వెలుతురు. వానలో వాకిట్లో ఒక పెద్ద తాంబాళం, ఒక చిన్న పళ్లెం పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ నీరు ఒకే ఎత్తుకి నిలుస్తుంది, కానీ వంచి కొలిస్తే తాంబాళంలో ఎక్కువ ఉంటుంది. సెన్సర్ సంగతీ అంతే. ఒకే ఎఫ్ నంబరు, ఒకే షట్టర్, ఒకే ఐఎస్ఓ పెడితే రెండు కెమెరాల్లోనూ ఎక్స్‌పోజర్ ఒకటే. కానీ ఫుల్ ఫ్రేమ్ మొత్తం మీద రెండుంపావు రెట్లు ఎక్కువ వెలుతురు పోగుచేసుకుంటుంది కాబట్టి నీడల్లో నాయిస్ తక్కువ కనిపిస్తుంది. ఒకే తరం సెన్సర్లయితే ఫుల్ ఫ్రేమ్‌లో ఐఎస్ఓ 6400 దగ్గర కనిపించే నాయిస్, క్రాప్‌లో 2800 ప్రాంతంలోనే కనిపిస్తుంది. స్టాపుల్లో చెబితే ఒకటికి కాస్త పైన.

ఆ ఒక్క స్టాపు మన పెళ్లిళ్లలో ఎంత విలువైనదో చెబుతాను. అర్ధరాత్రి దాటాక ముహూర్తం. ఊళ్లో వేసిన పందిరి. మండపం మీద ఊదా రంగు ఎల్ఈడీలు, వెనక పూల గోడ, పక్కన వీడియో వాళ్ల లైటు ఒకటి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్లికూతురి మొహం మీద ఫ్లాష్ కొట్టడం నాకిష్టం ఉండదు. అప్పుడు ఆ అమ్మాయి కళ్లలో ఉండేది ఫ్లాష్ వెలుగుకి చెదిరిపోతుంది. ఎఫ్2.8, సెకనులో 160వ వంతు, ఐఎస్ఓ 5000 దాకా పోవాలి. తలంబ్రాల దగ్గర ఇంకా కష్టం. బియ్యం గాల్లో గింజ గింజగా నిలవాలంటే సెకనులో 500వ వంతు కావాలి, ఐఎస్ఓ 10000 దాటిపోతుంది. ఆ ఊదా వెలుగులో చామనఛాయ మొహం మీద, దవడ కింద నీడలో రంగు మచ్చలు పడకుండా ఉండటం క్రాప్‌కి చాలా కష్టం. ఇక్కడ ఫుల్ ఫ్రేమ్‌కి పెట్టిన డబ్బు కళ్ల ముందు కనిపిస్తుంది. 2023లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ వచ్చాక ఈ తేడా బాగా తగ్గిన మాట నిజమే. కానీ పెళ్లి మొత్తానికి వేల ఫైళ్లు ఒక్కొక్కటీ దానికిచ్చి కూర్చుంటే ఆల్బమ్ ఎప్పటికిస్తాం?

రెండోది బ్లర్. ఒకే మనిషిని ఒకే దూరం నుంచి ఒకే సైజులో ఫ్రేము చేస్తే ఫుల్ ఫ్రేమ్ వెనకనున్నదాన్ని ఎక్కువగా కరిగిస్తుంది. క్రాప్ మీద 50 ఎంఎం ఎఫ్1.8 ఇచ్చే బ్లర్, ఫుల్ ఫ్రేమ్ మీద 75 ఎంఎం ఎఫ్2.7 ఇచ్చేదానితో సమానం. ప్రీ వెడ్డింగ్ వాళ్లకు కావాల్సింది ఇదే.

ఈ బ్లర్‌కి ఇంకో వైపు ఉంది. దాని గురించి కెమెరా అమ్మేవాళ్లు చెప్పగా నేను వినలేదు. స్టేజీ మీద గ్రూపు ఫొటో అనుకోండి. ముందు వరసలో పిల్లలు, మధ్యలో కూర్చున్న పెద్దవాళ్లు, వెనక బాబాయిలు, పిన్నులు. మూడు వరసలూ స్పష్టంగా రావాలి. క్రాప్‌లో ఎఫ్4, ఐఎస్ఓ 1600తో పని జరిగే చోట, ఫుల్ ఫ్రేమ్‌లో అదే లోతు స్పష్టత కావాలంటే ఎఫ్6 దగ్గరికి మూయాలి. షట్టర్ మార్చకుండా అంత మూసినప్పుడు ఐఎస్ఓ 3600కి పెంచాలి. పెంచగానే నాయిస్ క్రాప్‌తో సమానమైపోయింది. అంటే లోతుగా స్పష్టత కావాల్సిన ప్రతి ఫొటోలోనూ, గ్రూపులు, మండపం మొత్తం, భోజనాల బంతి, ఫుల్ ఫ్రేమ్‌కి నాయిస్ విషయంలో ఉన్న ఆధిక్యం దాదాపు చెల్లిపోతుంది. లెన్స్ విప్పి తీసే చోటే అది నిలుస్తుంది. పెళ్లి ఆల్బమ్ తిరగేసి అలాంటి ఫొటోలు ఎన్ని ఉన్నాయో చూడండి. పాత పద్ధతి ట్రెడిషనల్ ఆల్బమ్‌లో చాలా తక్కువ ఉంటాయి, క్యాండిడ్ తీసేవాడి ఆల్బమ్‌లో సగానికి పైగా ఉంటాయి. మీరు ఎవరో అక్కడ తెలిసిపోతుంది.

విప్పి తీయాలంటే విప్పడానికి వీలయ్యే లెన్స్ ఉండాలి. మా అక్క కొడుకు భీమవరంలో ఉంటాడు, సోనీ ఎ6400తో పెళ్లిళ్లు తీస్తాడు. వాడు ఒకరోజు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఎ7 ఫోర్ తీసేసుకుంటున్నా. ఈఎంఐ కూడా మాట్లాడేశా."

"లెన్సేం పెడతావురా దానికి?"

"కిట్‌లో ఇస్తారుగా మావయ్యా, 28-70. మిగతావి మెల్లిగా కొనుక్కుంటా."

"ఒక కాగితం తీసుకో, నేను చెప్పే లెక్క రాయి."

లెక్క ఇది. ఆ 28-70 కిట్ లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్5.6 కంటే తెరుచుకోదు. వాడి ఎ6400 మీద సిగ్మా 18-50 ఎఫ్2.8 పెడితే అదే చూపు వస్తుంది, ఎఫ్2.8 చివరిదాకా ఉంటుంది. ఎఫ్2.8 నుంచి 5.6కి పోతే సెన్సర్ మీద పడే వెలుతురు నాలుగో వంతవుతుంది. ఫుల్ ఫ్రేమ్ సైజు వల్ల తిరిగొచ్చేది రెండుంపావు రెట్లు. మొత్తం మీద వాడు రెండు లక్షల చిల్లర పోసి రాత్రి మండపంలో ఇప్పుడున్న దానికన్నా ఎక్కువ నాయిస్ కొనుక్కుంటున్నాడు. బ్లర్ కూడా తగ్గుతుంది, ఎందుకంటే క్రాప్ మీద ఎఫ్2.8 అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 4.2, కిట్ లెన్స్ ఇచ్చేది 5.6.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఫుల్ ఫ్రేమ్ వద్దంటావా మావయ్యా?" అన్నాడు చివరికి.

వద్దని కాదు. ఫుల్ ఫ్రేమ్ ఖర్చంటే బాడీ ఖర్చు కాదు. మధ్య రకం బాడీ కొత్తది లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా ఉంటుంది. దానికి న్యాయం జరగాలంటే 24-70 ఎఫ్2.8 లేదా టామ్రాన్ 28-75 లాంటిది ఒకటి, 85 ఎంఎం ప్రైమ్ ఒకటి, మండపానికి దూరంగా నిలబడాల్సి వస్తే 70-200 ఎఫ్2.8 ఒకటి. లెన్సులన్నీ కలిపితే బాడీని మించిపోతాయి. ఆ మొత్తం రెండు సీజన్లలో తిరిగొచ్చే పని చేతిలో ఉంటే నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. లేకపోతే ముందు లెన్స్. వాడు సిగ్మా 18-50, ఒక 56 ఎంఎం ఎఫ్1.4, మంచి ఫ్లాష్ ఒకటి కొన్నాడు. అన్నీ కలిపినా ఆ బాడీ ధర కాలేదు. ఆ సంవత్సరం వాడి క్యాండిడ్లు చూశాను, బాగున్నాయి.

ఇప్పుడు కొల్లేరు వైపు పోదాం. ఆటపాకలో గూడబాతులు తీయడం ఒక రకంగా సులువు, అవి పెద్ద పక్షులు, చెరువులో పెట్టిన స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. లకుముకి పిట్టని తీయడానికి కూర్చున్నప్పుడు తెలుస్తుంది కష్టం. ఎంత పెద్ద లెన్స్ పెట్టినా ఫ్రేములో అది వేలెడంత ఉంటుంది, చివరికి ఇంటికొచ్చి కోసుకోవాల్సిందే. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌తో తీసి క్రాప్ సైజుకి కోస్తే మిగిలేది పది, పదకొండు మెగాపిక్సెళ్లు. అదే లెన్స్‌ని నికాన్ డి500కి పెడితే 20.9 మెగాపిక్సెళ్లూ అక్కడే ఉంటాయి. కెనాన్ ఆర్7 అయితే 32.5. పిట్ట రెక్క మీద ఈకలు విడివిడిగా కనిపించడానికి ఆ పిక్సెళ్లు కావాలి. ఫుల్ ఫ్రేమ్‌లో ఇదే కావాలంటే 45.7 మెగాపిక్సెళ్ల నికాన్ డి850 కొనాలి, దాన్ని కోస్తే 19.4 వస్తాయి. లేదా సోనీ ఎ7ఆర్ 5, 61 మెగాపిక్సెళ్లు, కోస్తే 26. ధర సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మా కాలనీలో రిటైరైన లెక్కల మాస్టారొకరు పక్షుల మీద ప్రేమతో ఫుల్ ఫ్రేమ్ కొందామని వచ్చారు. "మాస్టారూ, మీరు 600 ఎంఎం లెన్స్ మోయగలరా?" అని అడిగాను. నికాన్ 200-500 లెన్సే 2.3 కిలోలుంటుంది. క్రాప్ బాడీ మీద అది 750 చూపు చూపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీద ఆ చూపుకి దగ్గరగా, ఆ వెలుతురుకి తగ్గకుండా లెన్స్ కావాలంటే 600 ఎంఎం ఎఫ్4 వైపు చూడాలి. అది మూడు కిలోల పైన, పది లక్షల పైన. మాస్టారు డి500 పాతది ఒకటి కొన్నారు, షట్టర్ కౌంట్ చూసి నేనే ఇప్పించాను. తెల్లవారుజామున మంచులో నాయిస్ ఎక్కువే వస్తుంది, అది ఆయనకి ముందే చెప్పాను. సూర్యుడు కాస్త పైకొచ్చాక ఆయన ఫొటోలు, నేను ఎప్పుడైనా ఫుల్ ఫ్రేమ్‌తో తీసినవి పక్కపక్కన పెడితే పిట్టల వరకు ఆయనవే బాగుంటాయి.

సైజు కన్నా తరం ముఖ్యమైన సందర్భాలూ ఉన్నాయి. పాత ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ పాయింట్లన్నీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. 2023లో వచ్చిన సోనీ ఎ6700 క్రాపే, కానీ మనిషి కన్ను, పక్షి కన్ను గుర్తుపట్టి వెంటాడుతుంది. పరిగెత్తే పిల్లలు, ఎగిరే కొంగలు తీసేవాళ్లకు ఆ ఫోకస్ ఇచ్చే లాభం ఒక స్టాపు నాయిస్ కన్నా ఎక్కువ. ఫోకస్ తప్పిన ఫొటోని ఏ సెన్సరూ కాపాడలేదు.

లెన్సుల జత గురించి ఒక హెచ్చరిక. క్రాప్ కోసం చేసిన లెన్సులు ఫుల్ ఫ్రేమ్‌కి పనికొస్తాయా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు పాత ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లకు అసలు బిగుసుకోవు. కెనాన్ మిర్రర్‌లెస్ మీద అడాప్టర్‌తో బిగుసుకుంటాయి గానీ కెమెరా తనంతట తానే క్రాప్‌లోకి మారుతుంది. నికాన్ డిఎక్స్, సోనీ క్రాప్ లెన్సులదీ ఇదే పద్ధతి, బిగుసుకుంటాయి, ఫ్రేము చిన్నదవుతుంది. అప్పుడు 24 మెగాపిక్సెళ్ల బాడీ పది మెగాపిక్సెళ్ల బాడీ అయిపోతుంది. నికాన్ పాత ఎఎఫ్-డి లెన్సులు దాచుకున్నవారు ఇంకో సంగతి గమనించాలి. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటారు లేదు, మిర్రర్‌లెస్ మీద వాటికి ఆటోఫోకస్ పనిచేయదు. పెళ్లిలో చేత్తో ఫోకస్ తిప్పుతూ కూర్చోలేం.

నిర్ణయానికి రావడానికి నేను చెప్పే పద్ధతి ఖర్చులేనిది. పోయిన ఏడాది తీసి, ఎంపిక చేసి, ఆల్బమ్‌లో పెట్టిన ఫొటోలన్నీ లైట్‌రూమ్‌లో తెరవండి. పైన మెటాడేటా ఫిల్టర్‌లో ఐఎస్ఓ చూడండి, ఫోకల్ లెంత్ చూడండి. 3200 పైన తీసినవి ఎక్కువగా ఉండి, అవి మీ లెన్స్ పూర్తిగా విప్పి తీసినవే అయితే, ఆ లెన్స్ అప్పటికే ఎఫ్2.8 లేదా అంతకన్నా మంచిదైతే, మీకు ఫుల్ ఫ్రేమ్ అవసరం వచ్చింది. 3200 పైన తీసినవన్నీ కిట్ లెన్స్‌తో ఎఫ్5.6లో తీసినవైతే మీకు కావాల్సింది లెన్స్. జూమ్ చివరంటా లాగి తీసి, పైగా కోసుకున్నవి ఎక్కువైతే క్రాప్‌లోనే ఉండి లెన్స్ పొడవు పెంచుకోండి. అన్నీ 800 లోపే ఉంటే, పగటి వెలుతురులో గుళ్లు, పొలాలు, ప్రయాణాలు తీసేవారైతే, తేడా మీ కంటికి కనిపించడం కష్టం. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ ఫైలు 300 డీపీఐలో 20 అంగుళాల వెడల్పు ప్రింటు ఇస్తుంది. పన్నెండు, ముప్పై ఆరు అంగుళాల కరిష్మా ఆల్బమ్ షీటులో పెట్టే ఏ ఒక్క ఫొటో కూడా సాధారణంగా అంతకన్నా పెద్దదవదు.

అప్పటికీ మనసు ఫుల్ ఫ్రేమ్ వైపే లాగితే ఒక పెళ్లికి అద్దెకు తెచ్చుకోండి. విజయవాడలో, హైదరాబాద్‌లో బాడీ, లెన్స్ కలిపి రోజు అద్దెకు ఇస్తారు. మీ క్రాప్ కెమెరా కూడా వెంట పెట్టుకుని, ఒకే మండపంలో ఒకే ఎఫ్ నంబరుతో రెండింటితోనూ తీసి, ఆ ఫైళ్లు మీరు ఆల్బమ్ వేయించే ల్యాబ్‌లోనే ప్రింటు వేయించి చూడండి. కంప్యూటర్‌లో వంద శాతం పెంచి చూస్తే కనిపించే తేడా వేరు, కాగితం మీద కనిపించేది వేరు. పెళ్లివారు చూసేది కాగితమే.

కొన్నాక పాత క్రాప్ బాడీ అమ్మకండి. అమ్మితే వచ్చేది కొత్తదాని ధరలో చిన్న వంతు. రెండూ ఒకే కంపెనీ, ఒకే మౌంటు అయితే పెళ్లిలో అదే మీ రెండో కెమెరా. ఫుల్ ఫ్రేమ్ మీద 24-70 పెట్టుకుని మండపం దగ్గర ఉండండి. క్రాప్ మీద 70-200 పెడితే అది 105 నుంచి 300 దాకా చూపిస్తుంది, హాలు చివర నిలబడి కూడా పెళ్లికూతురి తల్లి మొహం నిండుగా తీయొచ్చు. రెండింటికీ ఒకే రకం బ్యాటరీ వచ్చేట్టు చూసుకుంటే ఛార్జర్లు కూడా ఒక సెట్టుతో సరిపోతాయి.